బానెట్ మీది తువ్వాల

ముక్కు డాక్టరుగారు అల్ట్రాసౌండ్ రాశారని చెప్పగానే మా ఆవిడ సీసాడు నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. మా ఇండ్లలో అల్ట్రాసౌండ్ అంటే కడుపు స్కానింగే. బిడ్డల కాన్పులప్పుడు తిరిగిన దవాఖానాలు ఆమెకు నేర్పింది ఒకటే, నీళ్లు నిండా తాగకపోతే బొమ్మ సరిగ్గా రాదని. నేనూ బుద్ధిమంతుడిలా సీసా ఖాళీ చేసి ఎల్లారెడ్డిలో కామారెడ్డి బస్సెక్కాను. లింగంపేట దాటేసరికి నా అవస్థ పగవాడికి కూడా వద్దనిపించింది. తీరా అక్కడికి చేరాక ఫిజియోథెరపీ చేసే అమ్మాయి సంగతి విని నవ్వాపుకోలేక, "తాతా, గిది ముక్కుకు, కడుపుకు గాదు. ముందుగాల పొయ్యి రా పో" అని పంపించింది.

నలభై ఏళ్లుగా మూసుకుపోయిన ముక్కు నాది. కళ్ల కింద ఎముకల వెనక ఎప్పుడూ బరువు, వంగితే నుదురు పగిలిపోతుందేమోనన్నంత నొప్పి, వాసన అంటే ఇతరులు చెప్పగా వినడమే. ఆవిరి పట్టడాలు, ఉప్పునీళ్లు, మాత్రలు అన్నీ అయ్యాయి. అల్ట్రాసౌండ్‌తో చేసే ఈ వైద్యం అందరికీ పనిచేస్తుందని మాట ఇవ్వలేననీ, పనిచేయకపోతే మాత్రం ఆపరేషన్ తప్పదనీ డాక్టరుగారు ముందే చెప్పారు. ఈ వయసులో ముఖంలో కత్తి పెట్టించుకోవాలంటే నాకు భయం, మీ దగ్గర దాచడమెందుకు. ఆ అమ్మాయి నా చెంప మీద చల్లని జెల్ రాసి, చేతిలో ఇమిడే చిన్న పిడిలాంటి దాన్ని ఆనించి, పలక మీద సున్నాలు దిద్దుతున్నంత ఓపికగా తిప్పుతూ ఉండిపోయింది. లోపలికి వెళ్లేది శబ్దమేనట, కానీ మన చెవికి వినపడదట. కాసేపటికి ఎముక దగ్గర సన్నగా వెచ్చదనం తెలిసింది. ఆ వెచ్చదనం దగ్గరే నాకు మా డ్రైవరన్న గుర్తొచ్చాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను నాగిరెడ్డిపేట నుంచి ఎల్లారెడ్డి, లింగంపేట మీదుగా కామారెడ్డి వెళ్లే బస్సుకు కండక్టరుగా వేశారు. పోచారం నీళ్ల మీదుగా వచ్చే చలిగాలికి తెల్లవారి మొదటి ట్రిప్పులోనే నా ముక్కు రెండు పక్కలా గట్టిగా పట్టేసేది. ముక్కు పట్టేసినవాడి నోట 'న' పలకదని మీకు తెలుసు కదా, నేను గొంతు చించుకుని నాగిరెడ్డిపేట అని పిలిస్తే జనానికి 'దాగిరెడ్డిపేట' అని వినపడేది. "ఏంది సారూ, గా ఊరు యాడ దాగింది?" అని వెనక సీట్ల నుంచి ఎవరో అనడం, బస్సంతా నవ్వడం. నవ్వితే నవ్వారు, ఒకసారి ఒక ముసలమ్మ నేను పిలిచింది అర్థంకాక దిగాల్సిన ఊరు దాటిపోయి ఏడ్చింది. ఫిర్యాదు వెళ్లింది. కొత్త ఉద్యోగం, ఇంకా పర్మినెంటు కాలేదు, పెళ్లై ఆరు నెలలు. ముక్కు వల్ల కొలువు పోయిందంటే ఊళ్లో తలెత్తుకోగలనా?

ఆ రోజు నుంచి ఏటా చలికాలమంతా ఊర్ల పేర్లు డ్రైవరన్నే పిలిచాడు. నాకంటే పదేళ్లు పెద్దవాడు, లింగంపేట మనిషి. "నువ్వు టికెట్లు కొట్టు తమ్మీ, పేర్లు నేను జెప్త" అని ఒక్కమాట అన్నాడంతే, మళ్లీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. ఆ కాలపు బస్సుల్లో ఇంజిన్ డ్రైవరు పక్కనే, రేకు బానెట్ కింద గుర్రుమంటూ ఉండేది. ఆ మోతను దాటించి ప్రతి స్టేజీలో అరవడం మాటలు కాదు. అంతటితో ఊరుకోక తన తువ్వాల నాలుగు మడతలు పెట్టి ఆ బానెట్ మీద పరిచేవాడు. బస్సు ఆగినప్పుడల్లా, "ఇగ పట్టు తమ్మీ" అంటే నేను వంగి, ఆ వేడి తువ్వాల మీద చెంప ఆనించేవాణ్ణి. కింద ఇంజిన్ అదురు, పైన వేడి. రెండు నిమిషాల్లో ఎముకల వెనక ఏదో కదిలి, దారం సందంత గాలి లోపలికి దూరేది. ఇవాళ పెద్ద చదువులు చదివినవాళ్లు యంత్రంతో చేస్తున్నదాన్ని ఆయన మోటుగానైనా అప్పుడే చేశాడనిపిస్తుంది నాకు. ఫిజియోథెరపీ అమ్మాయితో ఆ మాట అంటే నవ్వి, తలాడించింది.

ఆ తువ్వాల వల్ల కొలువు నిలిచింది గానీ, ఇంట్లో నిప్పు రాజుకుంది. ఇంటికి రాగానే మా ఆవిడ నా ముఖం దగ్గరికొచ్చి తంబాకు కంపు కొడుతోందనేది. నేను బీడీ ముట్టనని ఎన్ని ఒట్లు పెట్టినా, "ముక్కు నీకు లేదు గని నాకున్నది" అని నోరు మూయించేది. డ్రైవరన్నను అడుగుదామంటే ఆయన నీ పక్షమేగా అనేది. డ్రైవరన్న రిటైరయ్యేదాకా ఆ కంపు, ఆ తర్వాత కూడా అదే మాట. దొంగచాటుగా బీడీలు తాగి అబద్ధమాడే మొగుడిగానే ఆమె లెక్కలో మిగిలిపోయాను. పైకి నవ్వుతాను గానీ, అది నాకు లోపల గుచ్చుతూనే ఉండేది.

ఎనిమిదో రోజు వైద్యం అయ్యాక తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. రోడ్డు పక్కన ఎవరో మక్కకంకులు కాలుస్తున్నారు. ఆ వాసన నా ముక్కుకు తగిలింది. మొదట నమ్మలేదు, మళ్లీ పీల్చాను, మళ్లీ తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపరేషన్ తప్పినట్టే అని డాక్టరుగారు తర్వాత అన్నారు గానీ, నాకు ఆ కంకుల దగ్గరే తెలిసిపోయింది. ఈ మాట ముందు డ్రైవరన్నకే చెప్పాలని లింగంపేటలో దిగిపోయాను.

ఆయనకు చెవులు పోయాయన్న సంగతి విన్నాను గానీ, ఇంతగా అనుకోలేదు. ఇంజిన్ వైపున్న ఎడమ చెవి ముందు, రెండోది ఆ తర్వాత. గుమ్మంలో నిలబడి, "అన్నా, నా ముక్కు తెరుచుకున్నది" అని అరిచాను. నలభై ఏళ్లలో అంత స్పష్టంగా నేను 'న' పలకడం అదే మొదలు. ఆయనకు నా ముఖం మాత్రమే కనపడింది. నన్ను చూడగానే లోపలికి చేయి ఊపాడు. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న వదిన నా మాట విని నవ్వినా, ఆయన సైగ కాదనలేక లేచి, దండెం మీది తువ్వాల తీసి, పెనం మీద వేడిచేసి తెచ్చింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి, చెవిటివాళ్ల పెద్ద గొంతుతో, "ఇగ పట్టు తమ్మీ, సలికాలం గదా" అన్నాడు.

పట్టాను. గుప్పుమని తంబాకు వాసన! ఆ గదిలో దండెం మీద ఆరిన ప్రతి బట్టకూ అదే వాసన. ఇన్నేళ్లూ నేను ముఖమంతా పూసుకుని ఇంటికి మోసుకెళ్లింది ఇదన్నమాట. వాళ్లకు అలవాటై తెలియలేదు, నాకు ముక్కు లేక తెలియలేదు.

తువ్వాల అడిగి తెచ్చుకున్నాను. మా ఆవిడ వాసన చూసి, "గిదే, గిదే కంపు" అంది. సంగతంతా చెప్పాను. విన్నాక, "నలభై ఏండ్లు ఉత్తగనే తిట్టిన గదా" అని తువ్వాల మడతపెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పటి కొత్త బస్సుల్లో ఇంజిన్ వేడి తగలదు, మోత కూడా అంతగా వినపడదు. మంచిదే, డ్రైవర్ల చెవులైనా నిలుస్తాయి. కానీ ఒకరి ముక్కు కోసం ఇంకొకరు గొంతు చించుకున్న రోజులు ఆ పాత బస్సులతోపాటే పోయాయేమోనని దిగులేస్తుంది. వచ్చే వారం తువ్వాల తిరిగి ఇవ్వడానికి వెళ్తున్నాను. నా ముక్కు బాగైందని కాగితం మీద రాసి చూపించొచ్చు, ఆయనకు చదువొచ్చు, కండక్టరు జేబులో పెన్ను ఎప్పుడూ ఉంటుంది. మొన్న కూడా ఉంది. తీయలేదు. రాసి చూపిస్తే ఆయన ఇక నాకోసం తువ్వాల వేడి చేయించడు.