పాలపీకకు కన్నం

సోమవారం నుంచి నేను మళ్లీ డ్యూటీకి వెళ్లాలి. నాలుగు నెలల మా బాబుకి ఇంకా సీసా అలవాటు కాలేదు. అందుకని ఈ రోజు గాజువాకలో షాపులన్నీ తిరిగి, పాలు నెమ్మదిగా వచ్చే పాలపీక ఉన్న సీసా ఏరికోరి కొన్నాను. దాన్ని మరిగించి, నా పాలు పిండి పోసి, మా అత్తయ్య చేతికిచ్చి స్నానానికి వెళ్లాను.

బట్టలు కట్టుకుంటుంటే బాబు దగ్గు వినిపించింది. పరుగెత్తుకొచ్చేసరికి వాడికి పొలమారి, ముక్కులోంచి పాలు వస్తున్నాయి. బోర్లా వేసుకుని వీపు తట్టాను. వాడు ఏడ్చాకే నాకు ఊపిరాడింది.

సీసా వంచి చూస్తే పాలు ధారగా కారాయి.

“పీల్సలేక పిల్లడికి సెమటలు పట్టేత్తన్నాయమ్మా. సూది కాల్సి కన్నం కాస్త పెద్దది సేసేను. మీ ఆయన్నీ అలాగే పెంచీసేను,” అన్నారు అత్తయ్య.

“నెమ్మదిగా రావాలనే ఆ పీక కొన్నానత్తయ్యా.”

ఆవిడ వాడి పాదం పట్టుకుని కూర్చున్నారు. నాకు పుట్టుకొచ్చిన కోపం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

సాయంత్రం వెళ్లి అలాంటి పీకే ఇంకోటి తెచ్చాను. ఇంట్లో సూదులన్నీ, పిన్నీసులతో సహా, నా హ్యాండ్‌బ్యాగులో వేసేశాను. ఇందాక అత్తయ్య జాకెట్టు హుక్కు కుట్టుకోవాలని సూది అడిగారు. కనబడట్లేదన్నాను. ఆవిడ నా బ్యాగు వైపు చూసి, “ఉండనీయమ్మా, అక్కడే ఉండనీ,” అన్నారు.

ఆ మాటకి నాకు ధైర్యం రావాలా, భయం పెరగాలా? సోమవారం మీరైతే వాణ్ణి ఆవిడ దగ్గర వదిలి వెళ్లేవారా?