గంటసేపు కిందికెళ్ళి రండి

మా ఆయన చెప్పే కథలో ఆవిడ ఉండదు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, మాటల మధ్యలో ఎవరైనా "మా ఇంట్లో ఆమెకి ఈ మధ్య మనసు బాగుండట్లేదండీ" అని గొంతు తగ్గించి అంటే చాలు, ఈయన కుర్చీ ముందుకు లాక్కుంటాడు. "మా ఆవిడకీ అంతేనండీ, పాప పుట్టినప్పుడు. లండన్‌లో చదివిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆర్నెల్లు మాత్రలు. అంతే, ఫినిష్." ఆ ఫినిష్ దగ్గర రెండు చేతులూ దులుపుకుంటాడు. ఇన్నేళ్ళూ పక్కన కూర్చుని అప్పడం నములుతూ విన్నాను. విన్న ప్రతిసారీ ఒళ్ళు మండిపోయింది. మా ఇంటికొచ్చిన ఆ సోషల్ వర్కర్ ఆవిడ లేకుండా చెబితే ఆ కథ అబద్ధం. అందుకే నేను చెబుతున్నాను.

అప్పుడు మేము ఈ పరాయి దేశానికి కొత్తగా వచ్చి, హౌగాంగ్ అనే పేటలో పదకొండో అంతస్తులో ఉండేవాళ్ళం. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచమంతా భయపడుతున్న రోజులు. ఆ భయమే మా ఆయనకి ఉద్యోగం ఇచ్చింది. బ్యాంకు ప్రోగ్రాముల్లో ఎక్కడెక్కడ సంవత్సరాన్ని రెండంకెల్లో రాశారో వెతికి నాలుగంకెలు చేసే పని. పొద్దున ఏడింటికి టై కట్టుకుని వెళ్తే, తిరిగొచ్చేసరికి పాప పడుకుని ఉండేది. తెనాలిలో నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. ఇక్కడ డిపెండెంట్‌ని. నేనిక్కడ ఉండడానికి గవర్నమెంటు ఇచ్చిన పాసు మీద ఆ మాటే అచ్చేసి ఉండేది.

పురిటికి రావాల్సిన అమ్మ కాలు విరిగి మంచాన పడింది. అత్తగారు లేరు. పాపకి మూడో నెల వచ్చేసరికి నాకేదో అవుతోందని నాకు తెలుసు. పాప ఏడుస్తుంటే పక్కింటి పిల్ల ఏడుస్తున్నట్టు ఉండేది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయేదాన్ని. అన్నిటికంటే వంటింటి కిటికీ. ఇక్కడి ఫ్లాట్లలో బట్టలు వెదురు గడలకి గుచ్చి, ఆ గడల్ని కిటికీ బయటికి దోపి ఆరేస్తారు. దానికి కిటికీ తీసి బయటికి వంగాలి. ఆ కిటికీ దగ్గరికి వెళ్ళాలంటే నాకు భయం. పడిపోతానని కాదు. పాపతో కలిసి నేనే ఏదైనా చేసేస్తానేమోనని. అలాంటి ఆలోచన వచ్చిన తల్లి తల్లేనా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. కిటికీ తీయడం మానేశాను. ఉతికిన బట్టలు బకెట్లలోనే మురిగేవి. ఇంట్లో ఏదో వాసనొస్తోందని మా ఆయన అగరొత్తులు కొనుక్కొచ్చాడు.

పాపకి టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు అక్కడి నర్సు పాపని తూచి, చీటీ మీద రాసుకుని, తలెత్తి నా వైపు చూసింది. "మరి నువ్వు? నువ్వు నిద్రపోతున్నావా?" అంది. మూడు నెలల్లో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. ఏడ్చేశాను. ఆమె మా ఆయనని లోపలికి పిలిచి చీటీ రాసిచ్చింది. అందులో ఇద్దరిని చూడమని ఉంది. ఒకరు మానసిక వైద్యుడు, ఇంకొకరు ఆసుపత్రి సోషల్ వర్కర్.

బస్సు స్టాపులో ఆ చీటీ చదివి మా ఆయన ముఖం మాడ్చుకున్నాడు.

"సోషల్ వర్కరేంటి? మనమేమన్నా తిండికి లేనోళ్ళమా? దుప్పట్లు పంచేవాళ్ళతో మనకేం పని?"

"అడిగి చూద్దామండీ, వాళ్ళేం చేస్తారో."

"నీకు తెలీదు. వాళ్ళు గవర్నమెంటు మనుషులు. ఇంటికొచ్చి అన్నీ రాసుకుంటారు. రేపు పాస్ రెన్యూవల్ ఆపేస్తారు. పాపని తీసుకుపోయినా పోతారు."

ఒకే నోటితో ముష్టి వేసేవాళ్ళన్నాడు, ఆ నోటితోనే గూఢచారులన్నాడు. రెండూ ఎలా అవుతారని అడిగే ఓపిక అప్పుడు నాకు లేదు. చీటీని మధ్యకి చింపి, డాక్టరున్న సగం జేబులో పెట్టుకుని, రెండో సగం చెత్తడబ్బాలో వేశాడు.

ఉన్న సగం కూడా వెంటనే పనిచేయలేదు. ముందు ఒక సారు దొరికాడు. మా తెలుగువాళ్ళ సంఘంలో సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళకి ఒత్తిడి తగ్గించుకోవడం మీద ఆదివారాలు క్లాసులు చెప్పేవాడు. కౌన్సెలర్ అని కార్డు మీద వేసుకున్నాడు. ఎక్కడ నేర్చుకున్నారు, ఎవరి దగ్గర పనిచేశారు అని మేము అడగలేదు. ఊళ్ళో పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినా బోర్డు మీద డిగ్రీలు చదివే మా ఆయన కూడా అడగలేదు. ఆ సారు నాకో నోటుపుస్తకం ఇచ్చి, రోజూ పది సంతోషకరమైన విషయాలు రాయమన్నాడు. మొదటిరోజు ఒకటి రాశాను, పాప అని. రెండోది తట్టక ఆ పేజీ మీదే కూర్చుని ఏడ్చాను. మూడోవారం ఆయన "మీలో ప్రయత్నం లోపిస్తోందమ్మా" అన్నాడు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. జ్వరంతో ఉన్నవాళ్ళని పరిగెత్తమని, పరిగెత్తకపోతే తప్పు వాళ్ళదేనన్నట్టు.

ఆ తర్వాతే లండన్ డాక్టరు. చెడ్డవాడు కాదు. నన్నే చూస్తూ అడిగేవాడు. జవాబులు మాత్రం మా ఆయన చెప్పేవాడు. నిద్ర? "పర్వాలేదు డాక్టర్." ఆకలి? "కొంచెం తక్కువ." చెడ్డ ఆలోచనలు? "అబ్బే, నో నో, అలాంటి ఫ్యామిలీ కాదు మాది." నా వైపు తిరిగి డాక్టరు మళ్ళీ అడిగితే, "షై డాక్టర్, ఇంగ్లీషు అంత అలవాటు లేదు" అన్నాడు. ఇంగ్లీషులో కాల్క్యులస్ చెప్పినదాన్ని! నోరు తెరిచి అరవాలనిపించింది. ఒళ్ళో పాప ఉంది. పాప దుప్పటి సర్దాను.

మాత్రలతో నిద్ర పట్టింది. అది నిజం, కాదనను. కానీ నిద్రలేచాక ఇల్లు అదే, కిటికీ అదే. రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరు తన ఫైల్లో నర్సు రాసింది చూసి, సోషల్ వర్కర్ వచ్చి చూసిందా అని అడిగాడు. మా ఆయన మాట మార్చబోయాడు. డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "నేను మందు ఇవ్వగలను. ఆమె రోజంతా ఎలా గడుస్తోందో ఈ గదిలో కూర్చుని చూడలేను. చూడగలిగేవాళ్ళని పంపిస్తున్నాను" అని మా ముందే ఫోను చేశాడు. పెద్ద డాక్టరు చెప్పాడు కాబట్టి మా ఆయన ఒప్పుకున్నాడు. నర్సు చెప్పినప్పుడు అదే మాట చెత్తడబ్బాలోకి పోయింది.

శనివారం పదింటికి వస్తానంది ఆ సోషల్ వర్కర్ ఆవిడ. ఆ శనివారం మా ఇంట్లో జరిగిన తతంగం తలుచుకుంటే నవ్వు రావాలి, నాకు ఇంకా కోపమే వస్తుంది. పాస్‌పోర్టు ఎంక్వయిరీకి పోలీసు వస్తున్నట్టు సిద్ధమయ్యాడు మా ఆయన. మా పెళ్ళి సర్టిఫికెట్టు, తన డిగ్రీలు, ఇంటి అగ్రిమెంటు, అన్నీ జిరాక్సులు తీసి ఫైల్లో పెట్టాడు. సెరంగూన్ నుంచి ఒక ఆంటీని పిలిపించాడు. ఆంటీ ముప్ఫయ్యేళ్ళుగా ఇక్కడే ఉంటోంది, సంఘంలో అందరికీ పెద్దదిక్కు. వస్తూనే పులిహోర కలిపింది, గారెలు వేసింది.

"అమ్మాయ్, పట్టుచీర కట్టుకో. పూలు పెట్టుకో. వచ్చినావిడ ముందర కంటతడి పెట్టావంటే ఊరుకోను. ఇంటి గుట్టు బయటపెట్టకూడదు, తెలుసా?"

"ఆంటీ, జాకెట్టు పట్టట్లేదు."

"పిన్నీసు పెట్టుకో, పైట కప్పేస్తే ఎవరికి తెలుస్తుంది లా!" అంది ఆంటీ, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర "లా" తగిలించి.

నాలుగు రోజుల తడిబట్టల బకెట్లని ఆంటీ, మా ఆయన కలిసి స్టోరురూములోకి తోసి తలుపేశారు. వీపున పిన్నీసు గుచ్చుకుంటుంటే, పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినట్టు సోఫాలో కూర్చున్నాను.

వచ్చినావిడ చీనావిడ. యాభై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, గుడ్డసంచీ, కాన్వాసు బూట్లు. బూట్లు గుమ్మంలో విప్పి, ఫైలు తెరవబోతున్న మా ఆయనతో "తర్వాత చూద్దాం" అని పాప దగ్గరికి వెళ్ళి నేలమీదే కూర్చుంది. మంచినీళ్ళు అడిగి తాగింది. ఇల్లు చూడొచ్చా అని నన్ను అడిగింది. ఈయన్ని కాదు, నన్ను. వంటింట్లో కిటికీ పక్కన గోడకి ఆనించిన వెదురు గడల్ని చూసింది. దుమ్ము పట్టి ఉన్నాయి.

"చంటిపిల్ల ఉన్న ఇల్లు. బట్టలు ఎక్కడ ఆరేస్తున్నారు?"

"డ్రయ్యర్ ఉంది" అంది ఆంటీ.

"నేనే ఆరేస్తాను, ఆఫీసు నుంచి వచ్చాక" అన్నాడు ఈయన అదే క్షణంలో.

ఆవిడ ఇద్దరినీ చూసి, నా వైపు తిరిగి ఆగింది. తొందరపెట్టలేదు. ఆ ఆగడంలో ఎంత చోటుందో నేను చెప్పలేను. నేను నడిచి వెళ్ళి స్టోరురూము తలుపు తీశాను. గుప్పున వాసన కొట్టింది. ఆంటీ "అయ్యో రామా" అని నుదురు కొట్టుకుంది. మా ఆయన ముఖం చూడలేదు, చూడాలనిపించలేదు.

ఆవిడ బకెట్లోంచి పాప చొక్కా ఒకటి తీసి పిండి, చేతిలో పట్టుకుని, "సార్, ఆంటీ, మీరిద్దరూ గంటసేపు కిందికెళ్ళి కాఫీ తాగి రండి" అంది.

"నేను ఆమె హస్బెండ్‌ని."

"తెలుసు లా. అందుకే ఒక్క గంటే అడిగాను."

ఫైలు చంకలో పెట్టుకునే లిఫ్టెక్కాడు మా ఆయన. తలుపు మూసుకున్నాక ఆవిడ ముందుగా తన సంగతి చెప్పింది. తాను ఈయన ఆఫీసు మనిషి కాదని, పాసుల వాళ్ళ మనిషి కాదని చెప్పింది. నేను చెప్పేది తన దగ్గరే ఉంటుందని, నాకో పాపకో ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం డాక్టరుకి చెబుతానని, అది కూడా ముందు నాకు చెప్పాకే అని అంది. ఆ తర్వాత అడిగిన మొదటి ప్రశ్న "నువ్వు స్నానం చేసేటప్పుడు పాపని ఎవరు పట్టుకుంటారు?" అని. ఎవరూ లేరు. నేను స్నానం చేసి ఎన్నాళ్ళయిందో నాకే తెలీదు. అక్కడ మొదలై కిటికీ దాకా వచ్చేశాను. ఆ మాట నోటితో చెప్పాను. ఆవిడ ఉలిక్కిపడలేదు. పాపని నా చేతుల్లోంచి లాక్కోలేదు. "చాలామంది తల్లులకి వచ్చే ఆలోచన ఇది. భయపడి కిటికీ మూసింది నువ్వే. పాపని కాపాడుతున్నావు. కానీ ఒంటరిగా కాపాడుతున్నావు, అది తప్పు" అంది. నా ముందే డాక్టరుకి ఫోను చేసింది. ఏం చెబుతోందో ముందు నాకు చెప్పింది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి నేను పట్టుచీర విప్పేసి నైటీలో ఉన్నాను. ఆవిడ పులిహోర తింటూ, మా ఆయనకి ఒక కాగితం ఇచ్చింది. వారంలో ఏ పూట పాప ఎవరి చేతిలో ఉండాలో దాని మీద ఉంది. కిటికీకి తాళం, బట్టలకి లోపల ఆరేసుకునే స్టాండు. పాపతో నేను ఒంటరిగా ఉండకుండా రెండు వారాలు సెలవు పెట్టమంది. బ్యాంకు గడువులు, రెండువేల సంవత్సరం అంటూ ఈయనేదో అనబోయాడు. "ఆ సంవత్సరం నువ్వు లేకపోయినా వస్తుంది" అందావిడ. నెల తర్వాత తనే నన్ను ఇంకొకామె దగ్గరికి పంపింది. భయం గురించి మాట్లాడించి దాన్ని విప్పడం చదువుకున్నామె, సైకాలజిస్టు. "అది నా పని కాదు, నాకంటే ఆమెకి బాగా వచ్చు" అంది. డిగ్రీలు చూసి మనుషుల్ని ఎంచుకునే మా ఇంట్లో, తనకి రానిది ఏమిటో తెలిసిన మనిషిని చూడడం నాకు అదే మొదలు.

ఇంత జరిగితే మా ఆయన కథలో మిగిలింది లండన్ డాక్టరు, మాత్రలు, ఫినిష్. ఎందుకో నాకు తెలుసు. ఆ కథలో తీసుకెళ్ళింది ఆయన. నా కథలో ఆయన కిందికి వెళ్ళిపోవాల్సి వచ్చింది.

మొన్న ఆదివారం బెడోక్ నుంచి ఆయన ఆఫీసు కుర్రాడు భార్యతో, నెలల బిడ్డతో భోజనానికి వచ్చాడు. సాంబారు వడ్డిస్తుంటే ఆ కుర్రాడు గొంతు తగ్గించాడు. "మా మిసెస్ కొంచెం డల్‌గా ఉంటోంది సార్. ఎవరో సోషల్ వర్కర్‌ని కలవమన్నారు హాస్పిటల్లో." మా ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "అలాంటివాళ్ళ జోలికి పోకు. మంచి డాక్టరు పేరు చెప్తాను." నేను ఆ పిల్ల వైపు చూశాను. ఇరవై ఆరేళ్ళుంటాయి. కంచంలో అన్నం కలిపి కలిపి వదిలేసింది. "నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగాను. ఆమె నోరు తెరిచింది.

"బానే పడుకుంటుంది ఆంటీ" అన్నాడు ఆ కుర్రాడు.

సాంబారు గిన్నె బల్ల మీద దబ్బున పెట్టాను. కొంచెం ఒలికింది కూడా.

"ఏమండీ, ఈ అబ్బాయిని తీసుకుని గంటసేపు కిందికెళ్ళి టీ తాగి రండి."

"భోజనం మధ్యలోనా?"

"మధ్యలోనే."

మా ఆయన నా ముఖంలోకి చూశాడు. ఎక్కడ విన్న మాటో గుర్తొచ్చింది ఆయనకి, తల దించుకున్నాడు. వాళ్ళిద్దరూ చేతులు కడుక్కుని చెప్పులు వేసుకునేదాకా నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. తర్వాత తలుపు గడియ పెట్టి, ఆ పిల్ల ఒళ్ళోంచి బిడ్డని అందుకుని, "ముందు వెళ్ళి వేణ్ణీళ్ళతో స్నానం చేసిరా, నేను పట్టుకుంటాను" అన్నాను.