దిష్టికి ఇంగ్లీషు రాదు

నలిగిపోయిన నా ఇంగ్లీషు గ్రామర్ పుస్తకం మీద చెయ్యి వేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క అక్షరం కూడా కల్పితం కాదు.

వినుకొండ దగ్గర మా ఇంటి వసారాలో స్పోకెన్ ఇంగ్లీషు చెబుతాను. లెక్కపెట్టేవాటికి మెనీ, ఫ్యూ. తూచేవాటికి మచ్, లిటిల్. మిరపలో తాలు కాయలైతే ఫ్యూయర్, తేమైతే లెస్. 'మోర్ బెటర్' అన్నవాడికి ఆ పూట మా ఇంట్లో టీ లేదు. ఈ విద్యలో చుట్టుపక్కల నాకు సాటి లేరు.

ఆ ఏడు మా బావమరిదికి మిరప విరగకాసింది. కాయంతా ఎండి, టిక్కీలకెక్కి, కళ్లంలో ఉంది. టిక్కీ అంటే మిరప బస్తా. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. తడిస్తే కాయ నల్లబడి ఏడాది కష్టం పోతుంది. అంతలో కేరళ వ్యాపారి ఒకాయన లారీతో వచ్చాడు. తెలుగు రాదు. కళ్లంలోకి రాకుండా రోడ్డు మీదినుంచే, "హౌ మెనీ బ్యాగ్స్?" అన్నాడు.

"ఎన్ని టిక్కీలని అడుగుతున్నాడురా," అన్నాను.

"ఏదో, నాలుగు కాయలు కాశాయని చెప్పు బావా."

మా వైపు రైతెవడూ కళ్లంలో ఉన్న పంటను ఎక్కువని నోటితో అనడు. దిష్టి తగులుతుంది. వినేవాళ్లకు ఆ సంగతి తెలుసు గనక ఇబ్బంది లేదు. నేను మాత్రం వాడన్న మాటనే ఇంగ్లీషులోకి మార్చి, "ఫ్యూ," అన్నాను.

ఆయన మబ్బు చూశాడు, లారీ చూశాడు, ఎక్కి కూర్చున్నాడు.

"పోతున్నాడ్రా! అసలు లెక్క చెప్పు!"

"కళ్లంలో నిలబడి నోటితో ఎట్టా అంటాను బావా? నువ్వే అను. దిష్టికి ఇంగ్లీషేం అర్థమవుద్ది?"

లారీకి అడ్డంగా వెళ్లి, "మోర్ బ్యాగ్స్ దేన్ యువర్ లారీ కెన్ క్యారీ, సర్!" అన్నాను. ఆయన దిగి చూసి, నోరు తెరిచాడు. ఆఖరి టిక్కీ లారీ ఎక్కి పట్టా కప్పాక తొలి చినుకు పడింది.

ఇక కల్పించిందేదో ఒప్పుకుంటాను. నాకు బావమరిది లేడు. కళ్లం నాదే. ఆయన అడిగింది నన్నే, ఫ్యూ అన్నదీ నేనే. లారీ కదులుతున్నా నా నోరు పెగల్లేదు. "దిష్టికి ఇంగ్లీషేం అర్థమవుద్దండీ!" అని నా మీద కేకేసి, లారీకి అడ్డం వెళ్లింది మా ఆవిడ. వసారాలో పాఠం జరుగుతుంటే వంటింట్లోంచి విన్న ఇంగ్లీషు ఆమెది. "మోర్ మెనీ బ్యాగ్స్, సార్! కమ్, కమ్!" అంది.

మోర్ మెనీ తప్పే. ఆ పూట టీ మాత్రం నేనే పెట్టి ఇచ్చాను.

ఇంతకీ ఎన్ని టిక్కీలయ్యాయంటారా? ఏదో, నాలుగు.