మామ మగ్గం మీది సగం చీర

మా చిన్నాయిన సత్ప్రవర్తన మీద శిక్ష తగ్గి, జైలు నుంచి ముందే వచ్చాడంటే మా వాడలో ఎవరూ నమ్మలేదు. ఆయనలో సత్ప్రవర్తన ఉందని అంతవరకు మాకెవరికీ తెలియదు. తెలంగాణ వచ్చిన కొత్తలో గోడ తగాదా పెట్టుకుని, పక్కింటి మామ కుడిచేయి కర్రతో విరగ్గొట్టి జైలుకు పోయాడు. భువనగిరి అవతల చేనేత ఊరు మాది. అక్కడ చేయి విరగడమంటే మగ్గం ఆగిపోవడమే.

ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మారిన మనిషిని లోపల ఉంచి ఏం లాభమని బాపు. వేసిన శిక్ష వేసినంతా అనుభవించాల్సిందేనని అవ్వ. కన్నకొడుకని కూడా చూడలేదు. చిన్నమ్మ ఏ పార్టీలోనూ చేరకుండా అన్నం వడ్డించి, చిన్నాయిన చేయి కడుక్కున్నాక చెప్పింది.

"పక్కింటన్న మగ్గం మీద సగం చీర గట్లనే ఉన్నది. అది నువ్వు నేసి దించినంకనే మన మగ్గం ముట్టాలె."

ఒకరు మొదలుపెట్టిన చీర మాలో ఇంకొకరు నేయరు. చేయి మారితే బట్ట మీద తెలిసిపోతుంది. పైగా మామ ఆ మగ్గానికి దుప్పటి కప్పి, ఇంట్లోవాళ్లను కూడా ముట్టనిచ్చేవాడు కాదు. చిన్నాయిన వెళ్లి మామ గడప బయట నిలబడితే, వెనకాల ఉన్న నాకు భయం వేసింది.

"నిన్నైతే ముందే ఇడిసిండ్రు బామ్మర్దీ. నా చెయ్యిని ఎవలిడుస్తరు?" అన్నాడు మామ. లేచి, ఎడమచేత్తో మగ్గం మీది దుప్పటి లాగేశాడు.

ఇక మా వాడకు సినిమా అక్కర్లేకపోయింది. చిన్నాయిన జైల్లో జంపఖానాలు నేసి వచ్చాడు. ఆ అలవాటులో పట్టుచీర పోగును కూడా గట్టిగా బాదేవాడు. మామ, నేసేవాడు కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంట పక్కనే కుర్చీ వేసుకుని, వేలెడు నేస్తే జానెడు విప్పించేవాడు. పడుగు, అంటే నిలువు పోగులు, పాతబడి ఊరికే తెగేవి. అతకమనేవాడు. జైలే నయమని చిన్నాయిన గొణిగితే, అయితే మళ్లీ పొమ్మని అవ్వ మా అరుగు మీది నుంచే అనేది.

చివరికి చీర దిగింది. అరుగు మీద పరిస్తే మధ్యలో గీత గీసినట్టుంది. ఇటు మామ నేత, అటు చిన్నాయిన మొరటు నేత. ఎవరు కొంటారని బాపు అడిగితే, అమ్మనన్నాడు మామ. వంకర తిరిగిన కుడిచేత్తో ఆ గీతను తడిమాడు.

"ఈడిదాంక నా చెయ్యి ఉండె."

కోర్టులో కూడా ఏడవని చిన్నాయిన లోపలికి పోయి ఆ మగ్గం గుంటలోనే కూర్చుని ఏడ్చాడు.

మర్నాడు చిన్నమ్మ మా మగ్గం తుడిచి పెట్టింది. ఆయన మాత్రం కొత్త పడుగు భుజాన వేసుకుని పక్కింటికే పోయాడు. మామ గుంట పక్కకు కుర్చీ తెచ్చుకున్నాడు.