అమ్మాయి షుగరు

మా ఇంట్లో షుగరు సంగతి మొదట కనిపెట్టినవి చీమలు.

భీమడోలులో మా ఇంటి వెనక, బట్టలుతికే బండ పక్కన, మా కుక్క రోజూ ఒకే చోట ఉచ్చ పోసేది. ఆ వేసవిలో అక్కడికి చీమలు బారులు కట్టాయి. మా ఆయన చీమల మందు చల్లారు. మర్నాటికి చీమలు మళ్ళీ వచ్చాయి. కుక్క మాత్రం గిన్నెడు నీళ్ళూ అడుగంటా తాగి, ఇంకా కావాలన్నట్టు నిలబడేది. ఎంత తిన్నా పక్కటెముకలు బయటపడుతున్నాయి. మా నాన్నకి షుగరొచ్చిన కొత్తల్లో సరిగ్గా ఇలాగే ఉండేది, చీమలతో సహా. కానీ కుక్కకి షుగరేమిటని ఆ మాట పైకి అనలేదు.

ఆ కుక్క మాకు మా తమ్ముడి దగ్గర్నుంచి వచ్చింది. వాడికి కొల్లేటికోట వైపు చేపల చెరువులున్నాయి. గట్ల మీద తిరుగుతూ కొంగల్నీ నీటికాకుల్నీ తోలడం దాని ఉద్యోగం. ఒళ్ళంతా దురద పట్టి, వెంట్రుకలు రాలిపోయి, పిట్టల్ని వదిలేసి తనని తానే కొరుక్కోవడం మొదలుపెట్టాక వాడు దాన్ని మా ఇంటికి తెచ్చాడు. "కొన్నాళ్ళు ఉంచక్కా, తగ్గాక తీసుకెళ్తాను" అన్నాడు. ఒక మందుల షాపులో అడిగి తెచ్చిన బిళ్ళలు కూడా ఇచ్చాడు. ఆ బిళ్ళలు బాగా పనిచేశాయి. వేసినన్నాళ్ళూ దురద లేదు, ఆపితే ఉంది. అందుకని ఏళ్ళ తరబడి వేస్తూనే ఉన్నాం. తీసుకెళ్ళే మాట వాడూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. మా ఆయన దాన్ని అమ్మాయి అని పిలవడం మొదలుపెట్టారు.

నేను ఏలూరులో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. రోజూ రైల్లో వెళ్ళి వస్తాను. మా ఆయనకి ఇంటి ముందు గదిలోనే జెరాక్సు షాపు. ఒకరోజు సెలవు పెట్టి, షాపు మూసి, ఇద్దరం దాన్ని ఆటోలో ఏలూరు తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ రక్తం తీసి, పొట్ట స్కాన్ చేసి, కాళ్ళు వంచి చూసింది.

"షుగరేనండి," అంది. "పాంక్రియాస్ కూడా వాచింది. కీళ్ళు అరిగిపోయాయి. దురదకి ఏం వాడుతున్నారు?"

బిళ్ళల అట్ట చూపించాను.

"ఇది స్టెరాయిడండి. దురద తగ్గిస్తుంది, షుగరు పెంచుతుంది. ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి."

"ఆపేస్తే ఏమవుతుందండీ?" అన్నారు మా ఆయన.

"దురద వస్తుంది."

ఇంకేమైనా చెబుతుందేమోనని చూశాం. ఆవిడ చెప్పడం అయిపోయింది.

పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, పన్నెండు గంటల ఎడంలో ఇన్సులిన్. అన్నం తిన్నాకే సూది. తినకపోతే మళ్ళీ ఆవిడకి ఫోను. నూనె, నెయ్యి, కోడి తోలు, కొవ్వు ఏవీ పాంక్రియాసుకి పడవు. తీపి షుగరుకి పడదు. దురదకి మందు సబ్బుతో స్నానాలు, వేరే రకం బిళ్ళలు. స్నానం చేయించాలంటే నిలబెట్టాలి, నిలబెడితే కీళ్ళ నొప్పి. దానికున్న జబ్బుల్లో ఒకదాని కోసం చేసేది ఇంకోదానికి గిట్టేది కాదు. ఉమ్మడి కుటుంబంలో ఉన్నట్టుండేది.

ఇన్సులిన్ కొనడానికి మా ఆయనే వెళ్ళారు. మందుల షాపాయన, "ఇంట్లో ఎవరికండీ?" అని అడిగాడట.

"అమ్మాయికండీ."

"అయ్యో. ఎన్నేళ్ళండీ?"

"తొమ్మిదుంటాయండి."

షాపాయన చాలా బాధపడి, ఈ రోజుల్లో చిన్నపిల్లలకి కూడా వస్తోందనీ, ధైర్యంగా ఉండమనీ, బడిలో టీచర్లకి చెప్పి ఉంచమనీ చెప్పాడట. మా ఆయన అలాగేనండి అని తలూపి వచ్చేశారు. అంత మంచిగా మాట్లాడాక కుక్కకని చెప్పడానికి నోరు రాలేదన్నారు. ఆ తరవాత వెళ్ళినప్పుడల్లా, "పాప ఎలా ఉందండీ?" అని ఆయనా, "కుదురుగానే ఉందండి" అని ఈయనా.

దానికి వంట మా ఆయన, సూది నేను. ఆయనకి సూదంటే చచ్చే భయం. నేను వేస్తుంటే గోడవైపు తిరిగి నిలబడేవారు. ఒక సాయంత్రం మా రైలు ఏలూరు దాటి పొలాల మధ్య ఆగిపోయింది. ఎంతసేపటికీ కదల్లేదు. ఫోను చేశాను.

"ఏవండీ, ఇవాళ మీరే వెయ్యాలి."

 "ఫ్రిజ్‌లో వంకాయలున్నాయా?" అన్నారు. ముందు వంకాయకి నీళ్ళతో వేసి చూసుకున్నారట. రైలు కదిలే వేళకి ఫోను వచ్చింది.

"వేసేశాను."

"ఏడ్చిందా?"

"ఎవరు?" అన్నారు.

అది ఏడవలేదు. మెడ వెనక చర్మం పట్టుకుంటే కదలకుండా నిలబడేది. చెరువుల మీద పెరిగిన కుక్క అంత పెద్దరికంగా ఎలా ఉండగలదో నాకు అర్థమయ్యేది కాదు. ఏడాది తిరక్కుండానే దాని కళ్ళలో తెల్లటి పొర కమ్మింది. షుగరున్న కుక్కలకి అది మామూలేనట. ఆపరేషను ఉంది కానీ గుండె కూడా బలహీనంగా ఉంది, మత్తు తట్టుకోలేదన్నారు. అది ఒకసారి ఫ్రిజ్‌కి గుద్దుకుంది. ఆ తరవాత మేం ఇంట్లో ఏ సామానూ కదపలేదు.

మా తమ్ముడు కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశానికి పిలిచాడు. దాన్ని వదిలి వెళ్ళే వీల్లేదు కనక, పొద్దున్నే తిండి పెట్టి, సూది వేసి, ఇన్సులిన్ సీసాని ఫ్లాస్కులో పెట్టుకుని కారులో బయల్దేరాం. ఇల్లు చెరువుల పక్కనే. దాన్ని అరుగు మీద కట్టేసి లోపలికి వెళ్ళాం.

వ్రతం జరుగుతుండగా మొరుగుడు వినిపించింది. ఆ గొంతు మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు. బయటికొచ్చి చూస్తే తాడుంది, కుక్క లేదు. చెరువు మీద నీటికాకులు గుంపుగా దిగాయి. కళ్ళు లేని మా అమ్మాయి గట్టు మీద పరిగెడుతోంది. పట్టుకుందామని నేను కదిలితే తమ్ముడు చెయ్యి పట్టి ఆపాడు.

"ఉండక్కా. ఆ గట్టు దానికి తెలుసు."

తెలుసు. మలుపు దగ్గర తిరిగింది. తూము దగ్గర ఆగి, వాసన చూసి, దాటింది. పక్షులు లేచి పక్క చెరువులో వాలాయి. అది కూడా ఆ చెరువు గట్టెక్కింది. మా ఆయన నా పక్కకొచ్చి నిలబడ్డారు.  ఆపాల్సింది. ఆపాలనిపించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అది తాగినదానిలా తూలింది. అరుగు దాకా రాకుండానే పడిపోయి కాళ్ళు కొట్టుకోవడం మొదలుపెట్టింది. అంత పరుగుకి షుగరు పడిపోయింది. ఇలా జరిగితే చిగుళ్ళకి తీపి రాయమని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. తేనె సీసా ఇంట్లో ఉంది, భీమడోలులో. నేను వంటవాళ్ళ దగ్గరికి పరిగెత్తాను.

"తీపి ఏదైనా ఇవ్వండి. నెయ్యి వెయ్యనిది."

వంటాయన నన్ను ఎగాదిగా చూశాడు. "నెయ్యి వెయ్యకుండా మేం చెయ్యమండీ," అన్నాడు.

"కుక్కకండీ, పడిపోయింది."

ఆయన ఇంకో మాట అడక్కుండా పొయ్యి పక్కన చల్లారుతున్న బెల్లం పాకం గరిటెతో తీసి గిన్నెలో పోసిచ్చాడు. మట్టిలో కూర్చుని, పట్టుచీరతోనే, వేలితో దాని చిగుళ్ళకి పాకం రాశాను. గొంతులోకి పోకుండా మా ఆయన దాని తల పట్టుకున్నారు. చుట్టాలు చుట్టూ చేరారు. మళ్ళీ రాశాను. కొంతసేపటికి కాళ్ళు కొట్టుకోవడం ఆగింది. ఇంకాసేపటికి నాలిక కదిలింది. తరవాత నా వేలు నాకింది. మా తమ్ముడు గోడకి ఆనుకుని మొహం తుడుచుకున్నాడు. "నేనే ఆపనివ్వలేదక్కా," అన్నాడు. 

డాక్టరమ్మకి ఫోను చేశాను.

"ఎందుకు పరిగెత్తిందండీ?"

"నీటికాకుల్ని తోలిందండి."

"దానికి కళ్ళు కనపడవు కదండీ."

"కనపడవండి."

అది తిండి తింటే సాయంత్రం సగం మోతాదే వెయ్యమంది. మర్నాడు తీసుకురమ్మంది.

ఇదంతా జరిగి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు కిడ్నీలు కూడా మొదలయ్యాయి. మా ఆయన కష్టపడి నేర్చుకున్న వంటల్లో సగం మళ్ళీ పనికిరాకుండా పోయాయి. కీళ్ళ నొప్పికి గట్టిగా పనిచేసే బిళ్ళ కిడ్నీలకి మంచిది కాదట. ఈ వానాకాలం అది లేచి నిలబడటానికే అవస్థ పడుతుంటే మళ్ళీ ఏలూరు తీసుకెళ్ళాం.

"ఏదో ఒకటి చూసుకోవాలండి," అంది డాక్టరమ్మ. "అన్నీ కుదరవు."

మా ఆయన ఎప్పుడూ నాకేసి చూసి జవాబు చెప్పే మనిషి. ఆ రోజు చూడలేదు. "నొప్పి లేకుండా చూడండి. తక్కినవి తరవాత," అన్నారు. ఆవిడ ఆ బిళ్ళ రాసింది.

మొన్న పొద్దున తిండి గిన్నె పెడితే అది లేవలేదు. భయపడి దగ్గరికి వెళ్తే గురక పెడుతోంది. చాలా రోజుల తరవాత ఆదమరిచి నిద్రపోయింది.

"లేపనా?" అన్నారు మా ఆయన.

"వద్దండి."

తినకపోతే సూది లేదు, సూది పడకపోతే నేను కదలడానికి లేదు. గిన్నె మధ్యలో పెట్టుకుని ఇద్దరం నేల మీద కూర్చున్నాం. నా రైలు వెళ్ళిపోయింది. అది లేచి, ఒళ్ళు విరుచుకుని, తీరిగ్గా తినేసింది. సూది మా ఆయనే వేశారు. నేను బస్సుకి వెళ్ళాను.