మస్తాన్ అన్న బిల్డ్ చెడగొట్టలేదు

నిన్న పొద్దున రాయచోటి నుంచి ఫోన్. మస్తాన్ అన్న తమ్ముడు.

అన్న లేడట. గుండెపోటు.

నమ్మలేక ఫోన్ పెట్టేశాను. మళ్లీ నేనే చేశాను.

ముప్పై ఆరేళ్లు. అంతే.

ఏడుపు కంటే కోపమే ఎక్కువ వస్తోంది. అందుకే రాస్తున్నా. నొచ్చుకునేవాళ్లు నొచ్చుకోండి.

కర్నూలులో మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, అన్న మా లీడ్. నాలుగు ప్రాజెక్టులు, రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా తయారుచేయడానికి, అంటే బిల్డ్ చేయడానికి, అందరికీ కలిపి ఎనిమిది మెషిన్ల క్లస్టర్ ఒక్కటే. ముందు నాలుగూ వాడుకునే కోడ్, కామన్ లైబ్రరీ, బిల్డ్ కావాలి, తర్వాతే మిగతావి. ఏది ఎప్పుడు, ఏ మెషిన్ మీద అన్నది మొత్తం అన్నే చూసేవాడు. లైబ్రరీలో ఒకడు తప్పు చేస్తే నాలుగూ పడిపోయేవి.

చెడగొట్టినవాడి పేరు వైట్‌బోర్డు మీద రాయాలని మేనేజర్ రూల్.

నేను చేరిన రెండో వారం. లైబ్రరీలో ఒక ఫంక్షన్ మార్చి, ఎవరికీ చెప్పకుండా అందరూ వాడే కోడ్‌లోకి చెక్‌ఇన్ చేసి టీకి పోయాను. వచ్చేసరికి నాలుగు బిల్డ్‌లూ ఫెయిలై స్క్రీన్ మీద ఎర్రగా ఉన్నాయి. మధ్యాహ్నం క్లయింట్‌కు సీడీ పంపాలి.

అన్న మార్కర్ తీసుకుని తన పేరు రాసుకున్నాడు.

"అదేందన్నా?" అన్నాను.

"నువ్వు కొత్తోడివప్పా, నీ ఉద్యోగం పోతాది. నన్నేం చేస్తారు, శానా ఏండ్ల నుంచి ఈడనే ఉండా. కూర్చో, ఏం మార్చినావో చూపీ."

గంటలో అన్నీ సరిచేశాడు. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఇలాగే చేశాడు.

ఏం చేస్తారో పోయిన నెల రివ్యూలో తెలిసింది. "ఎక్కువసార్లు చెడగొట్టింది నువ్వే" అని అన్నను లీడ్ పోస్టు నుంచి తీసేశారు. అన్న కాపాడినవాళ్లం ఆరుగురం ఆ రూములోనే ఉన్నాం. ఒక్కడూ నోరు తెరవలేదు. నేనూ తెరవలేదు. థూ, నా బతుకు!

అన్న మాత్రం ఎవరి పేరూ చెప్పలేదు.

ఇవాళ అదే మేనేజర్ మెయిల్ పెట్టాడు, "నిబద్ధత గల ఉద్యోగి" అని. సిగ్గుండాలి సార్. మనిషి బతికున్నప్పుడు ఆ మాట రాలేదే?

నాకూ సిగ్గుండాలి. ఆ సీడీ రోజు చెడగొట్టింది నేనే. నిన్న ఖబరస్తాన్ దగ్గర వాళ్ల నాన్నకు చెప్పేశాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని, "వాడే తప్పు చేసినాడనుకొని పోయిన నెల నేను కూడా తిట్టినానే నాయనా" అని ఏడ్చాడు.

మిగతా ఐదుగురూ, కింద కామెంట్లలో మీ పేర్లు మీరే రాసుకోండి.

ఇంక ఎవరి తప్పూ నెత్తిన వేసుకోకుండా నిమ్మళంగా పడుకో అన్నా. అల్లా నిన్ను చల్లగా చూసుకోవాల.