పెటూనియాలకు ఊదా మందు

పోయిన క్రిస్మస్‌కు తిరువూరు చర్చిలో బల్ల మీద పువ్వులు పెట్టే వంతును మా అత్తయ్య పంతం పట్టి సంపాదించింది. అంతకుముందు ఏళ్ళ తరబడి అది ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్‌గారి చేమంతుల సొత్తు. "ఈసారి నిండు ఊదారంగు పెటూనియాలు, మచ్చ లేకుండా" అని అత్తయ్య స్త్రీల కూడికలో అందరి ముందూ చెప్పేసింది. ఇక ఆమె పరువంతా కుండీల్లోనే ఉంది.

పువ్వులు విచ్చాయి. ప్రతి ఊదా పువ్వులోనూ అయిదు తెల్ల చారలు.

"అయ్యో ప్రభువా, బొల్లి! ఆవిడ ముందు ఇక తల కొట్టేసినట్టే. అల్లుడుగారూ, కాలేజీలో మీరు చెప్పేది బాటనీయే కదా, ఏంటిది?"

ఇంట్లో నాకు ఇలాంటి అవకాశం ఎప్పుడూ రాదు. రెచ్చిపోయాను.

"రంగు జీను తెల్లచోట కూడా ఉందండి అత్తయ్యా. రంగు చెయ్యమని అది చీటీ పంపుతుంది. చిన్న ఆర్‌ఎన్‌ఏలు ఆ చీటీని గుర్తుపట్టి ముక్కలు చేయిస్తున్నాయి."

"ఎవరివవి?"

"ఆ మొక్కవే."

"తన చీటీ తనే చింపుకుంటుందా? దానికేం పోయేకాలం!"

"ఇదే నయమండి. కొన్ని జీన్లకైతే డీఎన్‌ఏ మీదే మిథైల్ బిళ్ళలు అతుక్కుంటాయి. అసలు చీటీ రాయడమే ఉండదు."

"మూయించే సంగతి సరే, తెరిపించేది చెప్పండి. ఆదివారమే పండగ, ఆ లోపల."

అది నా సిలబస్‌లో లేదు.

శనివారం పొద్దున పెరట్లోకి వెళ్తే, పిల్లల నోటిపూతకు వాడే ఊదా మందును అత్తయ్య చెవిపుల్లతో చారలకు పూస్తోంది. "నవ్వకండి, కుండీ పట్టుకోండి" అంది. పట్టుకున్నాను.

అప్పుడే పాస్టరుగారు గేటు తీసుకుని వచ్చి, మందు పడని కుండీ ముందు ఆగిపోయారు. "అమ్మా! పువ్వు పువ్వులో నక్షత్రం! క్రిస్మస్‌కు ప్రభువే పంపాడు!"

మధ్యాహ్నానికి విస్సన్నపేట నుంచి కూడా షేర్ ఆటోల్లో జనం దిగారు. మందు పూసిన కుండీలను అత్తయ్య బాత్రూంలో పెట్టి గడియ వేసింది.

మర్నాడు పండగ ఆరాధనలో పాస్టరుగారు మైకు నాకిచ్చారు. "సైన్సు తెలిసిన అల్లుడుగారు రెండు మాటలు చెప్పాలి."

పాఠమంతా నోట్లో సిద్ధంగా ఉంది. హెడ్‌మిస్ట్రెస్‌గారు కళ్ళజోడు సర్దుకున్నారు. ముందు వరసలో అత్తయ్య చేతులు జోడించి నావైపే చూస్తోంది. సబ్బుతో ఎంత తోమినా ఆ వేళ్ళకు ఊదారంగు వదల్లేదు.

"ఆమెన్" అని మైకు తిరిగి ఇచ్చేశాను.